నంద్యాల నేలల ట్రైకోడెర్మా: పరిరక్షణ ఎవరి బాధ్యత?

గత రబీలో ఆళ్లగడ్డకు సమీపాన ఒక శనగ రైతు, విత్తన శుద్ధి కోసం తెచ్చుకున్న కిలో ప్యాకెట్టును నా చేతికిచ్చి, "ఇది యాడ పుట్టిన బూజు సార్? మన నేలలో బతుకుతాదా?" అని అడిగారు. ప్యాకెట్టు మీద 'ట్రైకోడెర్మా విరిడి' అన్న పేరుంది. గ్రాముకు ఎన్ని జీవకణాలున్నదీ, ఏ తేదీన తయారైనదీ, ఎప్పటిలోగా వాడవలసినదీ, కిలో విత్తనానికి ఎన్ని గ్రాములు పట్టించవలసినదీ ముద్రించి ఉన్నాయి. ఆ శిలీంధ్రాన్ని మొదట ఏ నేల నుంచి వేరుచేశారో, దాని స్ట్రెయిన్ సంఖ్య ఏమిటో, మూల నమూనా ఏ సంగ్రహాలయంలో ఉన్నదో మాత్రం లేదు. కొన్ని ఉత్పత్తుల మీద ఈ వివరాలు ఉంటాయి. ఈ ప్యాకెట్టు మీద లేవు. విత్తన సంచి మీద రకం పేరు లేకపోతే రైతు దాన్ని ముట్టుకోడు. బూజు విషయంలో ఆ పట్టింపు మనలో ఎవరికీ లేకపోయింది. ఆ రోజు నేను ఆయనకు సూటిగా సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచి పుట్టింది.

నేను సేద్య విభాగానికి చెందినవాడిని. శిలీంధ్రాల విషయం తెగుళ్ల శాస్త్రవేత్తలది. గట్టు దాటి వచ్చినందుకు వారు మన్నించాలి. అయితే నేలలోని సేంద్రియ కర్బనం, పంటల మార్పిడి, కోత తర్వాత మోళ్ల యాజమాన్యం మా విభాగం చూసే విషయాలే. ఈ బూజు చేనిలో నిలిచేదీ నశించేదీ వాటిని బట్టే కాబట్టి, నాకు కొంత చొరవ ఉన్నదనుకుంటున్నాను.

ట్రైకోడెర్మా నేలలోను, కుళ్లుతున్న కలపలోను, ఎరువు కుప్పలలోను, వేళ్ల చుట్టూ ఉండే మట్టిలోను పెరిగే ఒక బూజు ప్రజాతి. 1794లో పెర్సూన్ ఈ పేరు పెట్టాడు. ప్రయోగశాలలో ఆగర్ మాధ్యమం మీద నాటితే మొదటి రెండు రోజులు తెల్లని దూదిలా పరచుకుంటుంది. మూడో రోజో నాలుగో రోజో ఆకుపచ్చని మచ్చలుగానో వలయాలుగానో మారుతుంది. ఆ ఆకుపచ్చదనం సిద్ధబీజాలది. కొమ్మలు వేసిన తంతువుల చివర చిన్న బుడ్డి ఆకారపు కణాలు ఉంటాయి, వాటి మూతి దగ్గర ఈ బీజాలు బంతులుగా పోగుపడతాయి. ఎండకు, తేమలేమికి తట్టుకునేందుకు మందమైన గోడ గల విశ్రాంతి బీజాలను కూడా ఇది తయారుచేసుకుంటుంది. కొన్ని జాతుల పెట్రి పళ్లెం మూత తీయగానే కొబ్బరి వాసన వస్తుంది. పెంటైల్ పైరోన్ అనే పదార్థం వల్ల వచ్చే వాసన అది. మా విద్యార్థి దశలో పరికరాలు తక్కువ, ముక్కు కూడా ఒక పరికరమే.

ఈ బూజు ఇతర శిలీంధ్రాలను ఆహారంగా చేసుకుంటుంది. శత్రు శిలీంధ్రపు తంతువును తాడులా చుట్టుకొని, దాని కణకవచంలోని కైటిన్, గ్లూకాన్‌లను కరిగించే ఎంజైములను విడుదల చేస్తుంది. సూక్ష్మజీవులను చంపే పదార్థాలను స్రవిస్తుంది. వేరు చుట్టూ ఉన్న చోటునూ ఆహారాన్నీ ముందుగా ఆక్రమిస్తుంది. వేరు పైపొరలో చేరి మొక్క స్వీయరక్షణ శక్తిని మేల్కొలుపుతుంది. 1932లో కాలిఫోర్నియాలో నారింజ జాతి మొలకల కుళ్లుపై పనిచేస్తున్న వైండ్లింగ్, రైజోక్టోనియా సొలాని అనే శిలీంధ్రాన్ని ట్రైకోడెర్మా చుట్టుముట్టి తినివేయడాన్ని నమోదు చేశాడు. ఆ రైజోక్టోనియాయే మన కె.సి. కాలువ ఆయకట్టులో వరికి పాముపొడ తెగులు తెచ్చేది. తొంభై ఏళ్లు దాటిన ఈ పరిజ్ఞానం మన చేలలోకి ప్యాకెట్టు రూపంలో రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చిన తర్వాత పేరు దగ్గరే చిక్కుపడింది.

మనం దశాబ్దాలుగా 'విరిడి' అని పిలుస్తున్నది చాలా సందర్భాలలో విరిడి కాదు. 1999లో శామ్యూల్స్ బృందం ఆస్పరెల్లం అనే కొత్త జాతిని వర్ణించింది. 2006లో యాక్లిట్ష్, ఆయన సహచరులు అసలైన విరిడిని మళ్లీ పరిశీలించి, అది ఎక్కువగా సమశీతోష్ణ ప్రాంతాలలో కనిపించేదనీ, జీవ నియంత్రణలో ఆ పేరుతో చలామణి అవుతున్న స్ట్రెయిన్లలో అనేకం ఆస్పరెల్లంకో దాని దగ్గరి జాతులకో చెందుతాయనీ తేల్చారు. హార్జియానం పరిస్థితీ అంతే. ఒకే జాతి అనుకున్నది పదికి పైగా జాతుల సముదాయమని 2015 నాటి పరిశీలన చూపింది. 2020 నాటికి ఈ ప్రజాతిలో చెల్లుబాటయ్యే పేర్లున్న జాతులు దాదాపు 375. వాటిలో చాలావాటిని సూక్ష్మదర్శిని కింద రంగు చూసి, బీజం కొలిచి వేరుచేయలేము. రెండు మూడు జన్యువుల క్రమాన్ని చదవవలసిందే. మా వ్యాసాలలో, మా సిఫారసుల పుస్తకాలలో ఇంకా 'విరిడి' అనే రాస్తున్నాము. నేనూ రాశాను. రైతుకు తెలిసిన పేరును ఒక్కసారిగా మార్చమని అనను. కానీ పరిశోధన వ్యాసంలో జన్యు పరీక్ష లేకుండా జాతి పేరు రాయడం ఇకనైనా మానుకోవాలి.

జాతిని సరిగా గుర్తించడం పండితుల వేడుక కాదనడానికి ఒక ఉదాహరణ చాలు. హార్జియానం సముదాయానికే చెందిన ఆఫ్రోహార్జియానం అనే జాతి 2018లో జర్మనీలో మొక్కజొన్న కంకులను కుళ్లబెట్టింది. పుట్టగొడుగుల పెంపకందార్లకు ఆకుపచ్చ బూజు అంటే ఇప్పటికీ భయమే. 'మిత్ర శిలీంధ్రం' అన్న మాటను మనం బోధనలో విరివిగా వాడుతున్నాము. ఏ జాతి, ఏ స్ట్రెయిన్, ఏ పంటకు మిత్రమో చెప్పకుండా వాడడం నాకు నచ్చదు.

ఇక వ్యాప్తి. అంటార్కిటికా మంచు అంచుల నుంచి ఉష్ణమండల అడవుల దాకా ఈ ప్రజాతి లేని నేల అరుదు. అయినా ప్రతి నేలలోనూ ఒకే తీరున ఉండదు. ట్రైకోడెర్మాకు కొద్దిగా ఆమ్ల గుణం, తేమ, కుళ్లే పదార్థం ఇష్టం. నంద్యాల లోయను ఒకసారి ఆ కళ్లతో చూడండి. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, మధ్యలో కుందూ నది. అహోబిలం వైపు కొండ వాలులో ఆకు రాలిన ఎర్ర గరుసు నేల. అక్కడి నుంచి ఆళ్లగడ్డకు, దొర్నిపాడుకు, కోయిలకుంట్లకు దిగుతూ వస్తే లోతైన నల్లరేగడి. గంటన్నర ప్రయాణంలో ఈ బూజుకు స్వర్గమూ నరకమూ రెండూ వస్తాయి. నల్లరేగడిలో ఉదజని సూచిక 8కి పైన ఉంటుంది. సేంద్రియ కర్బనం చాలా చేలల్లో అర శాతానికి లోపే. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటడం నంద్యాలకు కొత్త కాదు. నేల నెర్రెలిచ్చి చేయి పట్టేంత సందులు పడతాయి. అలాంటి నేలలో కూడా, ఎరువు తోలిన చేను అయితే, వేరు చుట్టూ ఉన్న చిటికెడు మట్టిని మాధ్యమం మీద చల్లినప్పుడు ఆకుపచ్చ బూజు వస్తుంది. నన్ను ఆకర్షించింది ఈ మొండి బతుకే.

ఎందుకంటే మన శనగకు శత్రువు దాడి చేసేది కూడా అలాంటి పరిస్థితిలోనే. అక్టోబరు, నవంబరు నెలలలో విత్తిన శనగ నేలలో నిలిచిన తేమ మీదనే పంటకు వస్తుంది. ఫ్యుజేరియం వల్ల వచ్చే ఎండు తెగులును తట్టుకునే రకాలు మనకున్నాయి. జె.జి. 11 అందుకే ఇంతగా పాకింది. ఆ శిలీంధ్రం పంట లేకపోయినా ఆరేళ్ల దాకా నేలలో ఉండగలదన్నది మరచిపోరాదు. ఇప్పుడు కలవరపెడుతున్నది ఎండు వేరుకుళ్లు. పూత, కాయ దశలో పైపొర ఆరిపోయి, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు మించినప్పుడు రైజోక్టోనియా బటాటికోలా విజృంభిస్తుంది. మొక్క గడ్డి రంగుకు తిరిగి నిలువునా ఎండుతుంది. పీకితే తల్లివేరు పుటుక్కున విరిగి సగం భూమిలోనే ఉండిపోతుంది. చల్లని, తేమ గల, ఆమ్ల నేల నుంచి తెచ్చిన ట్రైకోడెర్మా ఆ సమయానికి నిద్రలో ఉంటుంది. శత్రువు మెలకువగా ఉన్నప్పుడు కావలివాడు పడుకుంటే ఏం లాభం? వేడినీ క్షారాన్నీ తట్టుకొని, ఆరుతున్న నేలలో కూడా కొంతకాలం పనిచేసే స్ట్రెయిన్ కావాలి. దాన్ని వెతకవలసింది సంజామల, ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ చేలలోనే. ఆళ్లగడ్డ రైతు అడిగిన "మన నేలలో బతుకుతాదా" అన్న ప్రశ్నలో ఈ శాస్త్రమంతా ఉంది.

మరి ఈ బూజు పరిరక్షణ స్థితి ఏమిటి? ఈ ప్రశ్న వేస్తే కొందరు మిత్రులు నవ్వుతారు. పులికి, బట్టమేక పిట్టకు, ఎర్రచందనానికి పరిరక్షణ అంటే అర్థమవుతుంది, బూజుకేమిటి? ప్రపంచ పరిరక్షణ సంఘం ఎరుపు జాబితాలో శిలీంధ్రాల సంఖ్య వెయ్యి దాటింది 2025 మార్చిలో మాత్రమే. ప్రపంచంలో శిలీంధ్ర జాతులు ఇరవై లక్షలకు పైగా ఉంటాయని అంచనా. పేరు పెట్టినవి లక్షన్నర చిల్లర. జాబితాకెక్కినవి కూడా ఎక్కువగా కంటికి కనిపించే పుట్టగొడుగులు, రాతిపూలు. నేలలోని బూజులకు ఆ కొలబద్ద సరిపోదు. ఎన్ని ఉన్నాయో, ఎంత విస్తీర్ణంలో ఉన్నాయో, తగ్గుతున్నాయో పెరుగుతున్నాయో లెక్క తీసే పద్ధతే వాటికి లేదు. ట్రైకోడెర్మా ప్రజాతి అంతరించిపోతున్నదని నేను అనడం లేదు. అలా అంటే అది అబద్ధం. అంతరించేది స్ట్రెయిన్. ఒక చేనిలో, ఒక నేల గుణానికి తరతరాలుగా అలవాటుపడిన ప్రత్యేక వంశం అది. వరి అనే జాతి అంతరించదు, అయినా పాత వరి రకాలను భద్రపరచడానికి శీతల గిడ్డంగులు కట్టుకున్నాము. బూజుకు ఆ న్యాయం ఎందుకు వర్తించదు?

ఒక్క స్ట్రెయిన్ విలువ ఎంతో తెలుసుకోవడానికి రీసీ కథ చెప్పుకోవాలి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సాలమన్ దీవులలో అమెరికా సైన్యపు నూలు గుడారాలు చీకి చినిగిపోతుండేవి. కారణం వెతుకుతూ ఆ గుడ్డ మీది బూజులను సేకరించి భద్రపరిచారు. వాటిలో ఒకదానికి క్యూ.ఎం. 6 ఎ అని సంఖ్య వేశారు. తర్వాత దానికే, దానిపై పనిచేసిన ఎల్విన్ రీస్ పేరు మీద, ట్రైకోడెర్మా రీసీ అని పేరు వచ్చింది. నేడు బట్టల పరిశ్రమలో, కాగితంలో, పశుదాణాలో, గడ్డి నుంచి ఇథనాల్ తీయడంలో వాడే సెల్యులేజ్ ఎంజైమును తయారుచేసే రీసీ స్ట్రెయిన్లన్నీ ఆ ఒక్క నమూనా సంతతి. గుడారాన్ని పాడుచేసిన బూజును కడిగి పారేసి ఉంటే అంతటితో కథ ముగిసేది. ఎవరో దానికి సంఖ్య వేసి, గొట్టంలో పెట్టి, పుస్తకంలో రాశారు. అంతే జరిగింది.

మా విషయంలో ఆ 'అంతే' జరగలేదు. దాదాపు ఇరవై ఏళ్ల కిందట నేనూ, నా దగ్గర పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థీ నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల చుట్టుపక్కల శనగ, పత్తి చేల మట్టిని సేకరించాము. డజనుకు పైగా ట్రైకోడెర్మాలు దొరికాయి. వాటిలో ఒకటి ఆళ్లగడ్డ దిగువన ఒక ముసలాయన చేను నుంచి వచ్చింది. ఆయన అప్పటికీ ఎడ్లను ఉంచుకొని, ఏటా ఎరువు తోలేవారు. దానికి మేము 'ఆళ్లగడ్డ ఏడు' అని పేరు పెట్టుకున్నాము. మిగిలినవి నీరసించిన క్షార మాధ్యమంలో అది చక్కగా పెరిగేది. ప్రయోగశాలలో వేరుకుళ్లు శిలీంధ్రాన్ని కప్పివేసేది. చేనిలో పరీక్షించాలనుకున్నాము. విద్యార్థి సిద్ధాంత గ్రంథం పూర్తయింది, ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయాడు. గొట్టాలు నేను పనిచేస్తున్న ప్రయోగశాలలోని ఫ్రిజ్‌లో ఉండిపోయాయి. మూడు నెలలకొకసారి కొత్త మాధ్యమం మీదికి మార్చేవారు లేరు, నేనూ పట్టించుకోలేదు. ఒక వేసవి సెలవులలో ఫ్రిజ్ ఆగిపోయింది. జూన్‌లో తలుపు తెరిచేసరికి మాధ్యమం ఎండి గొట్టాలలో గోధుమ రంగు పొలుసులు మిగిలాయి. మరో చోట రెండో ప్రతి లేదు. తప్పు ఫ్రిజ్‌ది కాదు, నాది. తర్వాత ఆ చేనికి వెళ్లి మళ్లీ మట్టి తెచ్చాను. ముసలాయన పోయారు, ఎడ్లు లేవు, చేను కౌలుకు ఇచ్చారు. బూజు వచ్చింది గాని, అది కాదు.

ఈ సంగతి చెప్పినప్పుడు నాకు ఆప్తుడైన ఒక సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఒక ఆక్షేపణ తెలిపారు. సూక్ష్మజీవులన్నీ అన్ని చోట్లా ఉంటాయి, పరిసరాలే వాటిలో కొన్నింటిని ఎంచుకుంటాయి అన్న బాస్ బెకింగ్ సూత్రం 1934 నుంచి ఉంది. కాబట్టి ఒకటి పోతే ఇంకొకటి దొరుకుతుంది, దుఃఖించవద్దన్నారు. ఈ వాదంలో బలముంది. బీజాలు గాలిలో, నీటిలో, నాగలి కర్రుకు అంటిన మట్టిలో ప్రయాణిస్తాయి. కానీ అదే సూత్రం రెండో సగం నా పక్షాన నిలుస్తుంది. ఎంచుకునేది పరిసరాలే అయితే, ఆ పరిసరాలను మార్చివేసిన తర్వాత ఎంపికా మారిపోతుంది. ఎరువు తోలిన ముప్పై ఏళ్ల చేను ఎంచుకున్న బూజును, ఎరువు చూడని చేను ఎంచుకోదు. పైగా జాతి దొరకడం వేరు, పరీక్షించి గుణం తెలుసుకున్న స్ట్రెయిన్ దొరకడం వేరు. కోహినూరు పోతే గోల్కొండ గనుల్లో ఇంకో రాయి దొరుకుతుందని ఎవరూ ఊరుకోరు కదా.

పరిసరాలు ఎలా మారుతున్నాయో సేద్య శాస్త్రవేత్తగా చెప్పగలను. పశువులు తగ్గాయి, ఎరువు కొనుక్కునే వస్తువైంది. కె.సి. కాలువ కింద వరి కోత యంత్రాల చేతికి వచ్చాక గడ్డి చేనిలోనే చెల్లాచెదురుగా పడుతున్నది, నిప్పు పెట్టడం సులువైంది. మంట వేడి నేల లోపలికి రెండు మూడు అంగుళాలు మించి దిగదని కొందరు సమర్థిస్తారు. నిజమే. కానీ బూజుకు నష్టం వేడి వల్ల కంటే ఆహారం పోవడం వల్ల ఎక్కువ. సెల్యులోజు మీద బతికే జీవి నోటి దగ్గరి గడ్డిని మనం కాల్చేస్తున్నాము. ఇక శనగ వెనుక శనగ, ఏటా అదే పంట. నేలలో శత్రువు నిల్వలు పెరుగుతాయి, వేళ్ల చుట్టూ వైవిధ్యం తగ్గుతుంది. ఖరీఫ్‌లో కొర్రో, జొన్నో, పచ్చిరొట్టో వేసే చేలు తక్కువ. నంద్యాల పరిశోధనా స్థానం నుంచి సూర్యనంది వంటి మంచి కొర్ర రకాలు వచ్చాయి. తెల్ల జొన్నలు వచ్చాయి. వాటిని మనం దిగుబడి లెక్కలతోనే ప్రచారం చేశాము. వాటి వేళ్లు నేలలో ఏ బూజును పోషిస్తాయో ఎవరమూ కొలవలేదు.

విత్తన శుద్ధిలో జరిగే ఒక పొరపాటు మరీ బాధ కలిగిస్తుంది. కార్బండజిమ్ ట్రైకోడెర్మాకు విషం. అత్యల్ప మోతాదులో కూడా దాని పెరుగుదలను ఆపేస్తుంది. టెబుకొనజోల్ కూడా దానికి హాని చేసేదే. థైరం, మాంకోజెబ్, మెటలాక్సిల్ వంటివి అంత కఠినం కావు. ఈ తేడా తెలియక చాలామంది కార్బండజిమ్ పట్టించిన విత్తనానికే మరుసటి రోజు ట్రైకోడెర్మా పట్టిస్తారు. రెండు మందులు రెండింతల మేలు అనుకుంటారు. ఉదయం విషం పెట్టి సాయంత్రం అతిథిని పిలిచినట్టుంటుంది. రసాయనాన్ని తప్పనిసరిగా వాడవలసిన చోట ఈ బూజుకు హాని చేయనిదాన్ని ఎంచుకోవాలి. ఇంకా మేలైన దారి నేలకు వేయడం. రెండు కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో తడి ఆరకుండా గోనె పట్టా కప్పి వారం పది రోజులు ఉంచితే కుప్ప మీద ఆకుపచ్చ బూజు కమ్ముతుంది. దాన్ని ఎకరానికి ఆఖరి దుక్కిలో వేయాలి. కుప్ప ఆకుపచ్చబారకపోతే ప్యాకెట్టులోని బూజు బతికి లేదని అర్థం. రైతుకు అంతకంటే చవకైన నాణ్యత పరీక్ష లేదు. నిబంధన ప్రకారం గ్రాముకు కనీసం 20 లక్షల సి.ఎఫ్.యు. ఉండాలి. కర్మాగారంలో ఉన్న సంఖ్య, రేకుల కప్పు దుకాణంలో ఏప్రిల్, మే దాటి అక్టోబరు దాకా ఉంటుందనుకోవడం అత్యాశ.

భద్రపరచడం కష్టమైన పనీ కాదు, ఖరీదైన పనీ కాదు. గొట్టం నుంచి గొట్టానికి మార్చుతూ పోతే బూజు బలహీనపడుతుంది. బీజాలు వేయడం తగ్గుతుంది, శత్రువును అణచే గుణం సన్నగిల్లుతుంది. అందుకే ఘనీభవింపజేసి ఆరబెట్టి ఆంపూల్‌లో మూయడం, మైనస్ 80 డిగ్రీలలో ఉంచడం వంటి పద్ధతులు వచ్చాయి. అవి లేనిచోట శుద్ధిచేసిన ఎండు మట్టిలోనో, సిలికా జెల్‌లోనో, ఖనిజ నూనె కిందనో కూడా కొన్నేళ్లు నిలుస్తాయి. ఉత్తరప్రదేశ్‌లోని మవూలో వ్యవసాయ ప్రాధాన్యం గల సూక్ష్మజీవుల జాతీయ బ్యూరో ఉన్నది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో 1936 నుంచి శిలీంధ్ర సంగ్రహం ఉంది. చండీగఢ్‌లో మరొకటి ఉంది. నమూనా పంపితే సంఖ్య వేస్తారు, భద్రపరుస్తారు, అడిగినవారికి ఇస్తారు. జీవవైవిధ్య చట్టం, 2002 మొక్కలు, జంతువులతో పాటు సూక్ష్మజీవులను కూడా జీవ వనరులుగానే నిర్వచించింది. అంటే చట్టమూ ఉంది, చోటూ ఉంది. పంపే అలవాటు లేదు.

నా అభిప్రాయంలో మొదట మార్చవలసింది మన విశ్వవిద్యాలయాల పద్ధతే. సూక్ష్మజీవి మీద పరిశోధన చేసిన విద్యార్థి సిద్ధాంత గ్రంథాన్ని సమర్పించే ముందు, తాను వాడిన ముఖ్యమైన స్ట్రెయిన్లకు జాతీయ సంగ్రహాలయం ఇచ్చిన సంఖ్యను అందులో చూపాలి. సంఖ్య లేకపోతే గ్రంథాన్ని స్వీకరించరాదు. ఈ షరతుకు ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. విద్యార్థులకు ఆలస్యమవుతుందని కొందరు అంటారు. నెల రోజులు ఆలస్యమైతే అవనివ్వండి. పరిశోధన పత్రికలూ, ఈ పత్రికతో సహా, అదే నియమం పాటించాలి. అంతర్జాతీయ పత్రికలు జన్యు క్రమానికి సంఖ్య అడిగితే వెంటనే ఇస్తున్నాము కదా, జీవికి సంఖ్య అడిగితే అభ్యంతరమెందుకు?

ప్యాకెట్టు మీద స్ట్రెయిన్ పేరు, సంగ్రహాలయ సంఖ్య, వేరుచేసిన జిల్లా ముద్రించడం రెండో సంగతి. నమోదు దరఖాస్తులో తయారీదారు స్ట్రెయిన్ వివరాలు ఎలాగూ ఇవ్వవలసి ఉంటుంది. వాటిని రైతు కళ్ల ముందుకు తేవడమే మిగిలింది. పంచాయతీలలో రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ల విషయంలో నాకు అంత ఆశ లేదు. చెట్టు, చేప, పశువు, పంట రకాల గురించి రైతును అడగవచ్చు. నేలలోని బూజు గురించి ఏమని అడుగుతారు? అయితే ఒక పని చేయవచ్చు. ఇరవై ముప్పై ఏళ్లుగా రసాయన శిలీంధ్రనాశిని వాడని, ఏటా ఎరువు తోలుతున్న చేలు గ్రామంలో ఎక్కడున్నాయో ఆ రిజిస్టరులో రాసుకోవచ్చు. ఊరివాళ్లు వేలు పెట్టి చూపగలిగిన సమాచారం అది. మన వెతుకులాట ఆ చేల నుంచే మొదలవ్వాలి. ఆ చేను ఎవరిదో వారికి, దాని నుంచి ఉత్పత్తి వస్తే దక్కవలసిన వాటా గురించి కూడా ముందే కాగితం మీద పెట్టుకోవాలి.

స్థానిక స్ట్రెయిన్ అయితే చాలు, అది గొప్పదే అన్న భావనను నేను ప్రచారం చేయడం లేదు. స్థానికమైనవాటిలో చాలావరకు ఏ ప్రత్యేకతా లేనివి ఉంటాయి. వందలో తొంభై అయిదు పరీక్షలో నిలవకపోయినా నాకు ఆశ్చర్యం కలగదు. చేని పరీక్షలో దూరపు స్ట్రెయినే మేలని తేలితే దాన్నే సిఫారసు చేద్దాం. కానీ పోల్చడానికి రెండోది చేతిలో ఉండాలి కదా.

ఈ ఏడాది శనగ కోత ముగిశాక ఆళ్లగడ్డ, దొర్నిపాడు, ఉయ్యాలవాడ, కోయిలకుంట్లల నుంచి మళ్లీ మట్టి సేకరించడం మొదలుపెట్టాము. అహోబిలం వైపు అడవి అంచు నమూనాలకు అటవీ శాఖ అనుమతి కోరాము. ఇంకా రావలసి ఉంది. ప్రశ్న అడిగిన రైతు చేనికి కూడా వెళ్లాను. ఎండిన శనగ మోళ్ల కింద జానెడు లోతున తవ్వి, ఆయనే రెండు సంచులు నింపి ఇచ్చారు. ఒకటి ప్రయోగశాలకు పంపాను. రెండోదాని మీద చేను సర్వే నంబరు, తేదీ రాసి, మరో భవనంలో ఉంచాను.